డాక్టర్ సలహా: చిటికెన వేలు తిమ్మిరెక్కుతోంది, ఏ మౌస్ కొనాలి?

ప్రశ్న: నమస్తే మేడం. నాకు 27 ఏళ్లు, మాది తెనాలి. గుంటూరు మిర్చి యార్డ్ దగ్గర ఒక కమిషన్ కొట్టులో అకౌంట్స్ చూస్తా, పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడు దాకా ట్యాలీ మీదే, సీజన్‌లో ఐతే ఇంకా లేటు. ఇంటికొచ్చాక పదింటి నుంచి పన్నెండున్నర దాకా వాలొరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడతా, అది మానెయ్యమని మాత్రం చెప్పకండి ప్లీజ్. రెండు నెలల నుంచి కుడి మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు నొప్పి, గేమ్ అయ్యాక చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి, ఒక్కోసారి పొద్దున లేచేసరికే అలా ఉంటున్నాయి. నెట్‌లో చూస్తే కార్పల్ టన్నెల్ అంటున్నారు. మెడికల్ షాపులో నరాల బలానికని బీ12 క్యాప్సూల్స్, చేతికి టైట్‌గా వేసుకునే బ్యాండ్ ఇచ్చారు. ఫ్రెండ్ వర్టికల్ మౌస్ కొనమంటున్నాడు. నేనేమో వైర్ ఉన్నదే, లాజిటెక్ జీ102 గానీ రేజర్ డెత్‌యాడర్ ఎసెన్షియల్ గానీ అనుకుంటున్నా. నా చెయ్యి పొడవు 20 సెంటీమీటర్లు. ఇప్పుడు వాడేది పాత ల్యాప్‌టాప్‌తో వచ్చిన చిన్న మౌస్. గేమ్‌లో మౌస్ స్పీడు సెట్టింగులు 1600 డీపీఐ, సెన్సిటివిటీ 0.6. ఏది కొనమంటారు?

సమాధానం: మౌస్ గురించి అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ చెయ్యి కొలిచి మరీ రాసినవాళ్లు మీరే మొదలు, అందుకు ముందుగా థాంక్స్. గేమ్ మానమని చెప్పను లెండి, మా ఇంట్లో కూడా ఒకడున్నాడు, వాడికి చెప్పీ చెప్పీ నాకే అలవాటైపోయింది, ఈ డీపీఐలూ సెన్సిటివిటీలూ నాకు తెలిసింది కూడా వాడి వల్లే.

సరే, మౌస్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ వేళ్లు. కార్పల్ టన్నెల్ అంటే మణికట్టు మధ్యలో ఉండే ఇరుకు సందు, అందులో నలిగేది మీడియన్ నరం, అది స్పర్శ ఇచ్చేది బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలిలో సగం వరకే. చిటికెన వేలు దాని ఏరియానే కాదు. మీకు తిమ్మిరి వచ్చేది చిటికెన వేలు, ఉంగరం వేలు అంటున్నారు, చిటికెన వేలూ, ఉంగరం వేలిలో మిగతా సగమూ అల్నార్ నరం కింద వస్తాయి. మోచెయ్యి గోడకి తగిలినప్పుడు కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది చూడండి, ఆ నరమే ఇది, మోచేతి లోపలి వైపు చర్మం కిందే పోతుంది, కిందకొచ్చి మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు ఇంకో ఇరుకు సందులోంచి అరచేతిలోకి దిగుతుంది. అంటే అది నలగడానికి ముఖ్యంగా రెండు చోట్లున్నాయి, మోచెయ్యి ఒకటి, మణికట్టు ఒకటి, అరుదుగా మెడలోంచి కూడా రావచ్చు గానీ మీరు మెడనొప్పి గురించి ఏమీ రాయలేదు. చూడకుండా ఉత్తరం మీద ఇదే జబ్బు అని తేల్చెయ్యడం తప్పు, కానీ చిటికెన వేలు ఉందంటే కార్పల్ టన్నెల్ అనుకోవడం కంటే ఇటు అనుమానించడం న్యాయం.

మీరే ఇంట్లో ఒకటి చూసుకోండి. అరచెయ్యి మణికట్టుతో కలిసే చోట చిటికెన వేలి వైపు తడిమితే బఠాణీ గింజంత ఎముక ఒకటి తగులుతుంది. ఆ చిన్న మౌస్ పట్టుకుని మామూలుగా గేమ్ ఆడేటట్టు కూర్చోండి, ఆ ఎముక దేనికి ఆనుతోందో చూడండి. టేబుల్ అంచుకో, చెక్క మీదో గట్టిగా ఆనుతుంటే నరం నలిగేది ఆ పక్కనే. ఇంకోటి, మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించి కూర్చుంటున్నారా, పడుకుని మోచెయ్యి మడిచి ఫోన్ పట్టుకుని రీల్స్ చూస్తున్నారా, చెయ్యి మడిచి తల కింద పెట్టుకుని నిద్రపోతున్నారా? పొద్దున లేచేసరికి తిమ్మిరి ఉందన్నారు చూడండి, అక్కడ నాకు మౌస్ కంటే మోచెయ్యి మీదే అనుమానం ఎక్కువ, ఎందుకంటే నిద్రలో మీరు మౌస్ పట్టుకోరు కదా. మోచెయ్యి బాగా మడిచినప్పుడు ఆ నరం సాగి ఒత్తుకుంటుంది, రాత్రంతా అలాగే ఉంటే పొద్దున ఆ రెండు వేళ్లూ మొద్దుబారతాయి.

ఇప్పుడు ఫ్రెండ్ చెప్పిన వర్టికల్ మౌస్. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకుంటారు దాన్ని, ముంజేయి మెలితిరగడం తగ్గుతుంది, కొందరికి హాయిగానే ఉంటుంది, నేను వద్దనను. కానీ అలా పట్టుకుంటే చెయ్యి టేబుల్‌కి ఆనేది ఏ వైపు? చిటికెన వేలి వైపే. అంటే ఎక్కడ నొప్పి ఉందో సరిగ్గా ఆ అంచు మీదే బరువంతా వేస్తారన్నమాట. పైగా దాంతో గేమ్‌లో గురిపెట్టడం కష్టం, రెండ్రోజులు ఆడి పక్కన పడేసి మళ్లీ పాతదే తీస్తారు. మీకు వద్దు.

అసలు మీ చిన్న మౌస్‌తో ఇబ్బందేంటంటే, 20 సెంటీమీటర్ల చెయ్యి పెద్ద చెయ్యే, ల్యాప్‌టాప్ బ్యాగులో పట్టాలని చేసిన మౌస్ మీద మీ చూపుడు వేలు, మధ్య వేలు కూర్చుంటాయి, మిగతా రెండింటికీ చోటుండదు, అవి టేబుల్ మీద ఈడ్చుకుంటూ పోతాయి, అరచెయ్యికి కింద ఆధారం లేక మణికట్టు టేబుల్ మీద పడిపోతుంది, జారిపోకుండా వేళ్లతో బిగించి పట్టుకుంటారు. చెప్పులు కొనేటప్పుడు సైజు చూడకుండా కొంటామా? మౌస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం లైట్లు, డీపీఐ, బటన్లు ఎన్ని అనే చూస్తాం. డీపీఐ బాక్స్ మీద ఎంతుంటే ఏం, మీరు వాడేది అందులో పిసరంత.

కొలత లెక్క ఒకటి గేమర్స్ వాడతారు, మణికట్టు గీత నుంచి మధ్య వేలి కొస దాకా కొలిచి అందులో 60 శాతం మౌస్ పొడవు ఉండాలని. మీకు 12 సెంటీమీటర్లు వస్తుంది. ఇది డాక్టర్ల లెక్క కాదు, సుమారుగా అంచనాకి పనికొచ్చే లెక్క అంతే. జీ102 పొడవు 11.6 సెంటీమీటర్లు, డెత్‌యాడర్ ఎసెన్షియల్ 12.7. రెండూ దగ్గర్లోనే ఉన్నాయి, అప్పుడు చూడాల్సింది మీరు పట్టుకునే తీరు. అరచెయ్యి మొత్తం మౌస్ మీద పరిచి పట్టుకుంటారా, వేళ్లు పక్షి గోళ్లలా వంచి పట్టుకుంటారా, వేలికొసలతోనే తోస్తారా? అరచెయ్యి పరిచే అలవాటుంటే డెత్‌యాడర్ తీసుకోండి, వెనక ఎత్తుగా ఉంటుంది కాబట్టి అరచెయ్యికి ఆధారం దొరుకుతుంది, ఉంగరం వేలికీ చోటు దొరుకుతుంది, నా ఓటు మీ విషయంలో దానికే. వేళ్లు వంచి పట్టుకునేవాళ్లకీ, చిన్న చేతులవాళ్లకీ జీ102 బాగుంటుంది, బరువు కూడా కాస్త తక్కువ, 85 గ్రాములు, డెత్‌యాడర్ 96. ఈ పదకొండు గ్రాములు మీ మణికట్టుకి తెలియవు గానీ 120 గ్రాములు దాటిన బరువు మౌస్‌లు కూడా ఉన్నాయి, మాటిమాటికీ ఎత్తి పెడుతూ ఆడేవాళ్లకి అవి మాత్రం తెలుస్తాయి. ఎవరేం చెప్పినా ఒకసారి చేత్తో పట్టుకుని చూసి కొనండి, హైదరాబాద్ వచ్చే పనుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి నాలుగైదు పట్టుకు చూడండి, లేదా అలాంటిదే ఉన్న ఫ్రెండ్ ఇంట్లో ఒక గంట ఆడి చూడండి, షాపులో రెండు నిమిషాల్లో అన్నీ బాగానే ఉంటాయి.

వైర్ ఉన్నదే తీసుకుంటానన్నారు, మంచిదే, బ్యాటరీ బరువుండదు, చార్జింగ్ గోల లేదు, ఉన్న డబ్బులకి మంచి షేప్ వస్తుంది. ఒక్కటే చిరాకు, వైరు బిరుసుగా ఉండి లాగుతుంటుంది. సీపీయూ టేబుల్ కింద పెట్టి వైరు వెనక నుంచి వేలాడదీస్తే దాని బరువంతా మౌస్‌ని వెనక్కి గుంజుతుంది, మీరు తెలియకుండానే ఇంకొంచెం బిగించి పట్టుకుంటారు. బంగీ అని స్టాండ్ అమ్ముతారు దీనికి, కొనక్కర్లేదు, మీ కొట్టులో కాగితాలకి పెట్టే నల్ల బైండర్ క్లిప్ ఒకటి టేబుల్ వెనక అంచుకి పెట్టి దాంట్లోంచి వైరు పోనిచ్చి, మౌస్ వైపు ఒక జానెడు వదులుగా ఉంచండి, సరిపోతుంది.

పట్టు గురించి ఒక మాట. మౌస్‌ని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి, జారిపోకూడదు, నలగకూడదు. గేమ్‌లో అవతలోడు ఎదురైతే ఎవడైనా బిగిస్తాడు, అది ఆపలేం, కానీ చచ్చిపోయాక కూడా అలాగే బిగించి కూర్చుంటారు చూడండి, అక్కడ వదలండి. ప్రతి రౌండ్‌కి ముందు గన్ కొనుక్కోడానికి 30 సెకన్లు ఇస్తారు కదా, కొనేసి మిగిలిన టైంలో చెయ్యి మౌస్ మీంచి తీసి కిందకి వదిలెయ్యండి, వేళ్లు నాలుగుసార్లు తెరిచి మూయండి. ఒక మ్యాచ్‌లో ఎన్ని రౌండ్లో లెక్కేసుకోండి, అన్నిసార్లు రెస్ట్ దొరుకుతుంది, దీనికోసం అలారం పెట్టుకునే పని కూడా లేదు.

1600 డీపీఐకి 0.6 అంటే చాలా స్పీడు. అంత స్పీడులో మణికట్టు ఒక చోట పాతేసి చేతిని కుడికీ ఎడమకీ తిప్పుతూ ఆడతారు, కుడికి తిప్పిన ప్రతిసారీ మణికట్టు చిటికెన వేలి వైపు వంగుతుంది, పాతేసిన చోట ఆ బఠాణీ ఎముక నూరుకుంటుంది. ఆ గేమ్ బాగా ఆడేవాళ్లు చాలామంది 800 డీపీఐకి 0.3, 0.4 దగ్గర పెట్టుకుని మోచెయ్యి నుంచి చెయ్యి మొత్తం కదిలిస్తారు. మీరూ అటు వెళ్లండి గానీ ఒక్కరోజులో కాదు, వారానికి కొంచెం కొంచెం తగ్గించండి, ఒక్కసారిగా మారిస్తే ఇవాళ మణికట్టు అన్నవాళ్లు రేపు భుజం అంటారు. దీనికి మౌస్‌ప్యాడ్ పెద్దది కావాలి, ముంజేయి కూడా దాని మీదే ఉండేంత, టేబుల్ అంచు గుచ్చుకోకుండా అదే అడ్డుపడుతుంది కూడా. జెల్ కుషన్ ఉన్న చిన్న ప్యాడ్‌లు మాత్రం వద్దు, మెత్తగా ఉంది కదా అని మణికట్టు దాని మీదే పాతి ఆడతారు, మెత్తగా నొక్కినా నొక్కుడు నొక్కుడే.

ఇక కొట్టు సంగతి, నిజానికి మీ చెయ్యి ఎక్కువ సేపు ఉండేది అక్కడే, రెండున్నర గంటల గేమ్ మీద నెపం వేసి తొమ్మిదిన్నర గంటల ట్యాలీని వదిలేస్తే ఎలా. ట్యాలీ వాళ్లకి కీబోర్డ్ కుడివైపు నంబర్ ప్యాడ్ లేకపోతే చెయ్యి ఆడదు, అది ఉంటే మౌస్ ఇంకో జానెడు కుడికి పోతుంది, దాన్ని అందుకోడానికి భుజం పక్కకి చాచి రోజంతా ఉండాలి, అంకెలకీ మౌస్‌కీ రెండిటికీ అదే కుడిచెయ్యి పరుగులు పెట్టాలి. అందుకే మీకో సలహా, కొట్టులో మౌస్‌ని ఎడమచేతికి మార్చండి. నవ్వకండి, ట్యాలీలో మౌస్ పని ఎంత, బిల్లు పీడీఎఫ్ తెరవడం, బ్యాంక్ సైట్‌లో క్లిక్ చెయ్యడం, అంతేగా. వారం రోజులు చిరాకు పడతారు, తర్వాత మర్చిపోతారు. రెండు వైపులా ఒకేలా ఉండే మామూలు ఆఫీసు మౌస్ చాలు దానికి. మా ఓపీలో బిల్లింగ్ అమ్మాయికి ఇలాగే మార్పించాను, మొదట్లో తిట్టుకుంది, ఇప్పుడు రెండు చేతులతోనూ కొడుతోంది. డెత్‌యాడర్ మాత్రం కుడిచేతి వాటం షేపు, అది ఇంట్లోనే ఉంచండి.

కుర్చీ ఎత్తు కూడా చూడండి, కూర్చున్నప్పుడు మోచెయ్యి టేబుల్ ఎత్తుకి రావాలి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎత్తు టేబుల్ మీద ఆడితే మోచెయ్యి కిందుండి మణికట్టు అంచు మీద వేలాడుతుంది. దిండు వేసుకుని పైకి లేవండి, కాళ్లు అందకపోతే కింద పీట వేసుకోండి, గేమింగ్ చైర్ దాకా పోనక్కర్లేదు.

ఆ బ్యాండ్ తీసి లోపల పెట్టెయ్యండి, నలిగే నరం మీద ఇంకా బిగించి కట్టడం ఏం వైద్యమో నాకు అర్థం కాదు. రాత్రిపూట మోచెయ్యికి ఒక టవల్ చుట్టి వదులుగా కట్టుకుని పడుకోండి, పూర్తిగా మడవకుండా ఆపితే చాలు. బీ12 తక్కువైతే తిమ్మిరి వస్తుంది నిజమే, కానీ అది మామూలుగా పాదాల్లో మొదలై రెండు వైపులా వస్తుంది, ఒక్క చేతిలో రెండు వేళ్లకే రాదు. వాడాలనుకుంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి, పనిలో పనిగా షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకోండి, షుగర్ ఉన్నవాళ్లకి నరాలు తొందరగా నలుగుతాయి.

ఇవన్నీ చేసి ఒక నాలుగు నుంచి ఆరు వారాలు చూడండి. తగ్గుతూ వస్తే అలాగే కొనసాగించండి. తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌కో న్యూరాలజిస్ట్‌కో చూపించుకోండి, నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేస్తే నరం ఎక్కడ నలుగుతోందో చాలావరకు తెలుస్తుంది. కానీ తిమ్మిరి రోజంతా పోకుండా ఉన్నా, చొక్కా గుండీ పెట్టుకోడానికో బండి తాళం తిప్పడానికో చెయ్యి సహకరించకపోయినా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పైన ఉండే కండ గుంటపడ్డట్టు కనిపించినా ఆరు వారాలు ఆగకండి, ఆ వారమే వెళ్లండి, కండ ఒకసారి కరిగితే మళ్లీ రావడం కష్టం. ఆ రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు టేబుల్ దగ్గర కూర్చుని ఆడుతుండగా పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకెళ్లండి, పది నిమిషాలు చెప్పేదంతా అందులో కనపడిపోతుంది.