రక్తం వస్తోందని బ్రష్ మానేయకు

అల్లుడూ,

ఆశీస్సులు. పళ్లు తోముకుంటుంటే రక్తం వస్తోందని వారం రోజులుగా ఎడమవైపు నువ్వు బ్రష్ తగలనివ్వడం లేదని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ముప్పై అయిదేళ్ల కిందట నేను చేసిన పనీ అదే. దాని ఫలితం ఇప్పుడు రాత్రిపూట గ్లాసు నీళ్లలో నానుతూ ఉంటుంది. చిన్నప్పుడు నువ్వు ఆ కట్టుడు పళ్లను చూసి ఏడ్చేవాడివి, గుర్తుందా?

వేలు తెగితే దాన్ని కదపకుండా వదిలేస్తాం, మానుతుంది. చిగుళ్ల సంగతి వేరు. చాలాసార్లు అక్కడ రక్తం వచ్చేది బ్రష్ గీరుకున్నందుకు కాదు, పంటికీ చిగురుకూ మధ్య పాచి చేరి ఆ చోటు వాచినందుకు. పాచి అంటే పళ్ల సందుల్లో మిగిలిన అన్నం మెతుకులని నేనూ అనుకునేవాణ్ణి. అది బాక్టీరియా జిగటగా అల్లుకున్న పొర. తోమిన కొన్ని గంటలకే మళ్లీ పట్టడం మొదలవుతుంది. నువ్వు అటువైపు వదిలేసిన కొద్దీ వాపు పెరుగుతుంది, రక్తం ఇంకా వస్తుంది, నువ్వు ఇంకా భయపడతావు. 1965లో డెన్మార్కులో పరిశోధకులు పన్నెండు మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించి చూశారు. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. నువ్వు ఉన్నది ఈ దశలోనే అయితే నష్టమేమీ జరగలేదు.

నేను ఆ దశ దాటిపోయాను. తీయకుండా వదిలేసిన పాచికి లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడితే అదే గార. దాన్ని ఏ బ్రష్షూ కదపలేదు, వేపపుల్లా కదపలేదు. ఉప్పు, బొగ్గుపొడి వేసి రుద్దితే అరిగేది గార కాదు, పన్ను. గార గరుకు మీద కొత్త పాచి చేరుతుంది, చిగురు పంటి నుంచి విడిపోయి లోతైన సందు ఏర్పడుతుంది, అడుగున ఉన్న ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక దానంతట అది తిరిగి రాదు. ఇంత జరుగుతున్నా నాకు నొప్పి లేదు. పన్ను పీకినంత నొప్పి ఉంటే మొదటి నెలలోనే పరుగెత్తేవాణ్ణి కదా!

ఇంకొక పిచ్చి నమ్మకం కూడా నన్ను ఆపింది. స్కేలింగ్, అంటే డాక్టరు చేత గార గీకి తీయించుకోవడం, చేయిస్తే పళ్లు కదులుతాయని ఊరంతా అనేవారు. నిజానికి ఎముక పోయి పన్ను అప్పటికే వదులై ఉంటుంది. సిమెంటులా పట్టుకుని ఉన్న గార ఊడగానే ఆ వదులు బయటపడుతుంది. నింద మాత్రం డాక్టరు మీద పడుతుంది. స్కేలింగ్ తరవాత కొన్నాళ్లు చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమనడం మామూలే.

కాబట్టి ఈ వారమే వెళ్లు. డాక్టరు మిల్లీమీటర్ల గీతలున్న సన్నని పరికరంతో చిగురు లోతు కొలుస్తారు. 3 దాకా సాధారణంగా ఫరవాలేదు. 4, అంతకన్నా ఎక్కువ ఉన్నచోట చిగురు లోపల కూడా శుభ్రం చేయాలేమో అడుగు. ఎముక స్థితి చూడడానికి ఎక్స్‌రే తీస్తామంటే వద్దనకు.

ఇంట్లో మెత్తటి బ్రష్ వాడు. దాన్ని చిగురు అంచు వైపు ఏటవాలుగా పెట్టి, చిన్నగా కదుపుతూ రెండు నిమిషాలు తోము. గోడకు సున్నం కొట్టినట్టు అడ్డంగా బలంగా రుద్దకు. కింది ముందు పళ్ల లోపలివైపు లాలాజలం ఊరే చోటు, గార అక్కడే ఎక్కువగా పడుతుంది, మనమేమో అద్దంలో కనబడేవైపే తోముకుంటాం. పళ్ల మధ్యకు బ్రష్ వెళ్లదు, అక్కడికి ఫ్లాస్ దారమో, సందుల్లోకి దూరే చిన్న బ్రష్షో కావాలి. పిన్నీసు, అగ్గిపుల్ల మానేయి. రాత్రి పడుకునే ముందు తోమడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పించకు. పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ మందు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడు. ఎక్కువకాలం వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి.

మీ నాన్నకు చక్కెర వ్యాధి ఉంది కనుక నీ రక్తంలో చక్కెర కూడా చూపించుకో. చక్కెర అదుపు తప్పితే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్ల వాపు ముదిరితే చక్కెర అదుపు కష్టమవుతుంది. ఇక నీ సిగరెట్ సంగతి మీ అమ్మకు తెలియదు, నాకు తెలుసు. పొగ చిగుళ్ల జబ్బును పెంచుతూనే రక్తం కనబడకుండా దాస్తుంది. అందుకని రక్తం ఆగిందని సంబరపడి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేయకు.

కొలిచిన అంకెలు కాగితం మీద రాయించుకో. శనివారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను, ఫోను చేసి చదివి వినిపించు.

మీ మామయ్య