దేవదూత వచ్చాడా, వచ్చిందా?

సందేహం: ఒక వీడియో గేమ్ సంభాషణలను తెలుగులోకి తెస్తున్నాను. అందులో ఏంజెల్స్ చాలామంది ఉన్నారు. కొందరు కవచం తొడిగిన యోధులు, కొందరు ఆడపిల్లల్లా ఉంటారు, కొన్నిటికి అసలు మొహమే లేదు. అందరినీ 'దేవదూత' అంటే క్రియ 'వచ్చాడు' అని రాయాలా, 'వచ్చింది' అని రాయాలా? 'దేవకన్య' నయమా? 'ఫాలెన్ ఏంజెల్'ను ఏమనాలి?

సమాధానం: మీ తికమకలో సగం పాపం 'దూత' చివరనున్న అకారానిది. సంస్కృతంలో 'దూతః' పుంలింగం. రామః రాముడైనట్టు, భక్తః భక్తుడైనట్టు ఇదీ 'దూతుడు' కావలసింది గానీ వాడుకలో ఆ 'డు' నిలవలేదు. మరోపక్క సీతా, లతా వంటి స్త్రీలింగాలు తెలుగులోకి వస్తూ దీర్ఘం పోగొట్టుకుని సీత, లత అయ్యాయి. దాంతో 'దూత' కూడా చెవికి ఆడపేరులా తోస్తుంది. నేత, దాత, వక్త అలాగే ముగిసినా 'నేత వచ్చాడు' అనడానికి ఎవరూ తడబడరు. ఆడవాళ్ళకు దూతి, దూతిక అనే మాటలున్నాయి. కావ్యాల్లో వాళ్ళు మోసేవి చాలావరకు ప్రేమ రాయబారాలు కాబట్టి 'దేవదూతి' అని కొత్తగా కట్టమని మాత్రం చెప్పను.

అర్థం సంగతికొస్తే 'దేవదూత' అచ్చంగా అతికిన మాట. గ్రీకు 'ఆంగెలోస్' అన్నా హీబ్రూ 'మలాఖ్' అన్నా కబురు మోసేవాడనే. పారసీ 'ఫరిష్తా'కు మూలార్థం పంపబడినవాడు. మన 'ప్రేషిత'కు అది దూరపు చుట్టం కూడా. దేవకన్య ఎవరి కబురూ మొయ్యదు. పిల్లల కథల్లో మంత్రదండం పట్టుకొచ్చే ఆమెకు ఆ పేరు వదిలెయ్యండి. గంధర్వుడూ పనికిరాడు, ఆయన వృత్తి పాట.

ఇక క్రియ. పాత తెలుగు బైబిలు అనువాదంలో ఏసు తల్లి మరియ దగ్గరికొచ్చిన గబ్రియేలు అనే దూత 'చెప్పెను' అని ఉంటుంది. గ్రాంథికంలో అతడు చెప్పెను, ఆమె చెప్పెను, అది చెప్పెను. మూడింటికీ ఒకటే రూపం. భూతకాలం రాసినంతసేపూ ఆ అనువాదకులకు మీ ఇబ్బంది లేదు. వ్యావహారికానికి రాగానే 'చెప్పాడు', 'చెప్పింది' విడిపోయి మనల్ని ఇరుకున పెట్టాయి. పైగా 'చెప్పింది' ఆమెకూ సరిపోతుంది, జంతువుకూ సరిపోతుంది. ఒకసారి నేను దిద్దిన రాతప్రతిలో గబ్రియేలు ఒక వాక్యంలో వచ్చాడు, తర్వాతి వాక్యంలో వెళ్ళింది. రాసినాయన్ని అడిగితే, 'బొమ్మలో జుట్టు పొడుగ్గా ఉందండీ' అన్నాడు.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేం. తొలి క్రైస్తవ చిత్రాల్లో దేవదూతలకు రెక్కల్లేవు, మామూలు మగమనుషుల్లాగే ఉంటారు. నాలుగో శతాబ్దం చివరికొచ్చాక రెక్కలు మొలిచాయి. ఆ రెక్కల నమూనా గ్రీకుల నైకీ, రోమన్ల విక్టోరియా అనే విజయదేవతల బొమ్మల్లోది. అంటే దూత రెక్కలు ఒక స్త్రీ దగ్గర తెచ్చుకున్న అప్పు! తర్వాతి చిత్రకారులు నున్నటి మొహం, ఉంగరాల జుట్టు, పాదాల దాకా జారే అంగీ కూడా ఇచ్చి ఆడో మగో తేలకుండా వదిలేశారు. అదే మిఖాయేలును గీసేటప్పుడు కవచం తొడిగి చేతికి కత్తి ఇస్తారు.

కాబట్టి నా సలహా: పేరున్న దూతలకు, అంటే గబ్రియేలు, మిఖాయేలు వంటివారికి, బొమ్మ ఎలా ఉన్నా 'వచ్చాడు' అనండి. గేమ్ తయారుచేసినవాళ్ళే స్త్రీగా సృష్టించిన పాత్రకు 'వచ్చింది' నిస్సంకోచంగా వాడండి. మొహమే లేనివాటికి కథలో వాటి స్థానం చూడాలి. 2009లో వచ్చిన బయొనెటా అనే గేమ్‌లో దేవదూతలు శత్రువులు. పైకి పాలరాయీ బంగారమూ, ఆ పెంకు పగిలితే లోపల మాంసం. అలాంటిది మీదికి దూకుతుంటే 'వస్తోంది, తప్పుకో' అనక ఏమంటారు? పూజ్యభావం ఉన్నచోట 'దూత వచ్చారు' అంటే గౌరవమూ దక్కుతుంది, లింగం గొడవా తప్పుతుంది.

దూతల్లో రకాలు వస్తే బైబిలు మాటలే తీసుకోండి: ప్రధానదూత (ఆర్కేంజెల్), సెరాపు (సెరాఫ్), కెరూబు (చెరబ్). సెరాపులకు 'ఆరేసి రెక్కలు' అని అక్కడ ఉంటుంది. ఒక్కొక్కరికి ఆరు చొప్పున అని అర్థం, ఉతికి ఆరేసినవి కావు. కెరూబుతో మాత్రం జాగ్రత్త. బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త చూసిన కెరూబులకు నాలుగేసి ముఖాలు, ఒళ్ళంతా కళ్ళు. రఫాయేలు అనే ప్రధానదూత పేరే పెట్టుకున్న చిత్రకారుడు రఫేల్, 1512 నాటి సిస్టీన్ మడోనా చిత్రంలో అడుగున చేతులు ఆనించుకుని పైకి చూసే ఇద్దరు బుడతల్ని గీశాడు. వాళ్ళను ఇంగ్లీషులో 'చెరబ్స్' అనేస్తారు. తెలుగులో వాళ్ళు కెరూబులైతే చదివేవాడు జడుసుకుంటాడు. 'బాలదూతలు' అంటే ముద్దుగా ఉంటుంది.

చివరగా ఫాలెన్ ఏంజెల్. 'పడిపోయిన దేవదూత' అంటే కాలు జారినట్టుంటుంది. 'పతిత దూత' ఇంకా ప్రమాదం. తెలుగులో 'పతిత' అనగానే శీలం మీద నింద వినిపిస్తుంది. 'స్వర్గభ్రష్టుడు' మనకు ముందునుంచీ ఉన్నదే, సమాసం కావాలంటే 'భ్రష్టదూత' అనండి. ఒక్క మినహాయింపు. 2012 నాటి డయాబ్లో 3 గేమ్‌లో టైరియల్ అనే ప్రధానదూత తన వెలుగు రెక్కల్ని తానే పెరికేసుకుని, ఉల్కలా ఆకాశం నుంచి రాలి చర్చి కప్పు పగలగొట్టుకుని నేలకు తగులుతాడు. ఆయన ఏ తప్పూ చేసి భ్రష్టుడు కాలేదు. అక్కడ 'పడ్డాడు' అనే రాయండి.