ఇక్కడ నేరం కానిది కువైట్‌లో నేరమా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. వయసు 28. ఏసీ మెకానిక్‌ని. నేను స్వలింగ సంపర్కిని. ఐదేళ్లుగా ఒకరితో కలిసి ఉంటున్న సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు. కువైట్‌లో పని దాదాపు ఖాయమైంది. అది కాదంటే మలేసియాకో సింగపూర్‌కో పంపుతానని ఏజెంటు అంటున్నాడు. మన దేశంలోనే ఇది ఇంకా నేరమనీ, ఎవరైనా 377 కేసు పెడితే పోలీసు క్లియరెన్స్ కూడా రాదనీ మా బావ చెబుతున్నాడు. ఇక్కడ నేరం కాకపోతే, భారతీయుడిగా నాకు అక్కడా రక్షణ ఉంటుందా? అక్కడ జరిగినదానికి ఇక్కడ కేసు పెట్టగలరా? ఇంకొక బాధ కూడా ఉంది. కువైట్‌లో పని చేస్తున్న మా జిల్లా మనిషే ఒకడు, నేను అక్కడ దిగగానే మా పాత చాటింగులు పోలీసులకు ఇస్తానని బెదిరిస్తున్నాడు. ఒకసారి 30 వేలు పంపాను. ఇప్పుడు రెండు లక్షలు అడుగుతున్నాడు.

జవాబు: ముందు మీ బావగారి మాట సంగతి చూద్దాం. ఆ భయం తీరితే తప్ప మిగతా విషయాలు నిదానంగా ఆలోచించలేరు. 1860లో తయారై 1862 జనవరి 1 నుంచి అమలైన పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ‘ప్రకృతి విరుద్ధమైన’ సంభోగానికి యావజ్జీవం వరకు శిక్ష విధించేది. ఏకాంతంలో, పరస్పర సమ్మతితో వయోజనుల మధ్య జరిగేదానికి ఆ సెక్షన్ వర్తించదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తన పాత తీర్పునే తప్పుపడుతూ, సమ్మతితో కూడిన సంబంధం నేరం కాదని ఏకగ్రీవంగా తేల్చింది. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. పోలీసు క్లియరెన్స్‌కు చూసేది మీ మీద ఉన్న కేసులను. సమ్మతితో కూడిన సంబంధం మీద 377 కేసు కట్టడానికి ఏ స్టేషన్‌కూ చట్టంలో ఆధారం లేదు. 377ను పూర్తిగా ఎత్తివేయడంతో బలాత్కారానికి గురైన వయోజన పురుషుడు ఫిర్యాదు చేయడానికి ఉన్న ముఖ్యమైన ఆధారం కూడా పోయింది. ఆ లోటును పార్లమెంటు పూడ్చాలన్నది నా అభిప్రాయం, అయితే అది మీ ప్రశ్నకు సంబంధించినది కాదు.

ఇక అసలు ప్రశ్న. 2018 తీర్పు మీ పాస్‌పోర్టుతో పాటు విమానం ఎక్కదు. మనిషి ఏ దేశపు పౌరుడైనా, నేరమా కాదా అన్నది నిర్ణయించేది అతడు నిలబడి ఉన్న నేల తాలూకు చట్టమే. కువైట్ శిక్షాస్మృతి 193వ అధికరణం ప్రకారం 21 ఏళ్లు నిండిన పురుషుల మధ్య సమ్మతితో జరిగిన సంపర్కానికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ అధికరణం శిక్షించేది చర్యను. మనిషి స్వభావాన్ని నేరమని అది అనదు. ఆ తేడా కోర్టులో వాదించేటప్పుడు పనికొస్తుందేమో గాని, అర్ధరాత్రి గదిలోకి పోలీసు వచ్చినప్పుడు పెద్దగా అక్కరకు రాదు. ‘స్త్రీలను అనుకరించడం’ వంటి ప్రవర్తనను నేరంగా చూసిన 198వ అధికరణంలోని భాగాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2022 ఫిబ్రవరిలో కొట్టివేసింది. 193 మాత్రం అలాగే ఉంది. పెళ్లి కాని స్త్రీపురుషుల సంబంధాన్ని కూడా నేరంగానే చూసే దేశమది. కోర్టు దాకా పోకుండానే విదేశీయుణ్ణి వెనక్కి పంపేసే అధికారం అక్కడి ప్రభుత్వానికి ఉంటుంది గనుక, శిక్ష పడకపోయినా ఉద్యోగం, ఏజెంటుకు కట్టిన డబ్బు రెండూ పోయే ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి.

అరెస్టయితే మన రాయబార కార్యాలయం ఏం చేయగలదని ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి వచ్చే కక్షిదారులు నన్ను తరచూ అడుగుతుంటారు. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, మీరు కోరితే మీ అరెస్టు సంగతి వారికి తెలియజేయవలసిన బాధ్యత అక్కడి అధికారులది. రాయబార కార్యాలయం వారు జైలుకు వచ్చి మిమ్మల్ని కలవవచ్చు, వకీలును కుదర్చవచ్చు, అర్హమైన సందర్భాల్లో ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నుంచి సాయం చేయవచ్చు. అంతకు మించి, మన దేశంలో ఇది నేరం కాదు కాబట్టి వదిలిపెట్టమని అడిగే హక్కు వారికి లేదు.

మలేసియా సంగతి విచిత్రమైనది. అక్కడ మీకు ఎదురయ్యేది పరాయి చట్టం కాదు, మనం వదిలించుకున్నదే. మన శిక్షాస్మృతిని ఆంగ్లేయులు అచ్చుగా వాడుకొని తమ తూర్పు వలసల్లోనూ పెట్టారు. అందుకే పాకిస్తాన్, బంగ్లాదేశ్, మియన్మార్‌లలో ఈ నేరం నేటికీ 377 అనే అంకెతోనే ఉంది. శ్రీలంకలో అంకె మారి 365 అయింది. మలేసియాలో 377ఎ, 377బి సెక్షన్ల కింద సమ్మతితో జరిగినదానికి కూడా ఇరవై ఏళ్ల వరకు జైలు, దానికి తోడు బెత్తం దెబ్బలు. కాగితం మీది శిక్షను బట్టి చూస్తే కువైట్ కంటే మలేసియా కఠినమైనది. సింగపూర్ 2007లోనే పాత 377ను తీసివేసి, 1938లో చేర్చిన 377ఎను మాత్రం ఉంచుకుంది. 2022 నవంబరులో ఆ దేశపు పార్లమెంటు దానినీ రద్దు చేయగా 2023 జనవరి 3 నుంచి ఆ రద్దు అమలులోకి వచ్చింది. అయితే అదే సమయంలో వివాహ నిర్వచనాన్ని కోర్టులో సవాలు చేయడానికి వీల్లేకుండా రాజ్యాంగ సవరణ కూడా చేశారు. కాబట్టి మీ సహచరుణ్ణి జీవిత భాగస్వామిగా చూపి తీసుకుపోవడం సింగపూర్‌లోనూ కుదరదు. మన దేశంలోనైనా 2023 అక్టోబరు 17 నాటి సుప్రీంకోర్టు తీర్పు స్వలింగ వివాహ హక్కును గుర్తించలేదు గనుక ఆ మేరకు రెండు దేశాలదీ ఒకటే స్థితి.

ఏజెంటు రేపు ఇంకొక దేశం పేరు చెప్పవచ్చు కాబట్టి మరొక మాట. సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాన్ని నేరంగా ఉంచిన దేశాలు నేటికీ అరవైకి పైగా ఉన్నాయి. పైగా ఈ చట్టాలు నానాటికీ సడలుతూనే పోతాయని అనుకోవడానికి లేదు. మన తెలుగువారు తరతరాలుగా ఉంటున్న మారిషస్‌లో 1838 నాటి సెక్షన్‌ను అక్కడి సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెల్లదంది. అదే ఏడాది మే నెలలో ఉగాండా, కొన్ని సందర్భాల్లో మరణశిక్షకు కూడా వీలు కల్పించే చట్టం చేసింది. 2024 ఏప్రిల్‌లో ఇరాక్ పార్లమెంటు పది నుంచి పదిహేనేళ్ల జైలు విధించింది. ట్రినిడాడ్‌లో 2018లో హైకోర్టు కొట్టివేసిన సెక్షన్లకు 2025లో పైకోర్టు మళ్లీ ప్రాణం పోసింది. అందుచేత మూడేళ్ల కిందట వెళ్లొచ్చినవారి మాట మీద ఆధారపడకుండా, వీసా చేతికొచ్చిన రోజున ఆ దేశపు చట్టం ఎలా ఉందో చూసుకోవాలి.

అక్కడ జరిగినదానికి ఇక్కడ కేసు పెట్టగలరా అన్నారు. భారతీయ న్యాయ సంహిత మొదటి సెక్షన్‌లోని ఐదో ఉపవిభాగం ప్రకారం మన పౌరుడు ప్రపంచంలో ఎక్కడ నేరం చేసినా ఇక్కడ విచారించవచ్చు. అయితే అది మన చట్టం ప్రకారం నేరమై ఉండాలి. సమ్మతితో కూడిన సంబంధం మన చట్టంలో నేరం కాదు గనుక కువైట్ కేసు మీద కావలి పోలీసులు మిమ్మల్ని పట్టుకోలేరు. రెండు దేశాల్లోనూ నేరమైనదానికే నిందితుణ్ణి అప్పగించడం సాధారణ నియమం కాబట్టి, తిరిగి వచ్చాక మిమ్మల్ని కువైట్‌కు అప్పగిస్తారన్న భయం కూడా అక్కరలేదు.

మిమ్మల్ని బెదిరిస్తున్న మనిషి విషయంలో ఇదే సూత్రం తిరగబడుతుంది. భయపెట్టి డబ్బు గుంజడం ఇక్కడ నేరమే, కువైట్‌లో కూర్చొని చేసినా నేరమే. ‘హాని’ అన్న మాటలో పరువుకు కలిగే నష్టాన్ని కూడా చట్టం కలిపింది. మీరు 30 వేలు ఇచ్చారు కాబట్టి సంహిత 308(2) కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు; ఇప్పుడు రెండు లక్షలకు పెడుతున్న బెదిరింపు ఒక్కటే చూసినా 308(3) కింద రెండేళ్ల వరకు ఉంది. పూర్వపు శిక్షాస్మృతి ఒక చేత్తో స్వలింగ సంపర్కులను శిక్షిస్తూనే, 377 నేరం మోపుతానని బెదిరించి డబ్బు లాగినవాడికి 388వ సెక్షన్‌లో యావజ్జీవం దాకా విధించింది. 377ను అడ్డం పెట్టుకొని ఎన్ని దోపిడీలు జరుగుతాయో దాన్ని రాసినవారికే తెలుసన్నమాట.

అతడు విదేశంలో ఉండగా చేసిన నేరానికి విచారణ మొదలు కావాలంటే, నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 208వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. దీని మీద ప్రమాణంగా నిలిచిన తీర్పు మన పక్క జిల్లాది. ఒంగోలులో పెళ్లి చేసుకొని బోట్స్వానా వెళ్లిన దంపతుల వివాదంలో, కేసును స్వీకరించడానికి ఆ అనుమతి అవసరం లేదనీ, బోట్స్వానాలో జరిగిన నేరాల విచారణకు మాత్రం అనుమతి లేనిదే అడుగు ముందుకు వేయరాదనీ, ఇక్కడ జరిగిన భాగానికి ఆ అడ్డు లేదనీ 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ విషయంలో బెదిరింపు మీకు చేరిందీ, డబ్బు మీ ఖాతా నుంచి పోయిందీ కావలిలోనే. ఆ మేరకు నేరం ఇక్కడే జరిగిందని గట్టిగా వాదించవచ్చు.

కాబట్టి ఇక ఒక్క రూపాయి కూడా పంపకండి. మెసేజ్‌లు తుడిచివేయకుండా, అతడి నంబరు, తేదీలు కనబడేటట్లు స్క్రీన్‌షాట్లు తీసి, 30 వేలు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటుతో కలిపి ఫిర్యాదు ఇవ్వండి. సైబర్ నేరాలకు 1930 నంబరు ఉంది. సొంత ఊరి స్టేషన్‌లో మొహమాటమనిపిస్తే నెల్లూరులో గాని మరెక్కడైనా గాని జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఇది మీరు ఇక్కడ ఉండగానే జరగాలి, ఎందుకంటే కువైట్‌లో దిగాక అక్కడి పోలీసుకు ఇదే ఫిర్యాదు చేస్తే, మీ మాటే మీకు వ్యతిరేకంగా వాంగ్మూలం కావచ్చు.

వెళ్లాలా వద్దా అన్నది మీ నిర్ణయం. జీతం కొంత తక్కువైనా సింగపూర్ అవకాశం నిజమైతే దాన్నే ఎంచుకోమంటాను. మలేసియా వద్దంటాను. అప్పుల వల్ల కువైట్‌కే వెళ్లక తప్పకపోతే, ఆ బెదిరించేవాడి సంగతి తేలేదాకా ప్రయాణం ఆపుకోండి. వెళ్లేటప్పుడు పాత చాటింగులు, ఫొటోలు, పరిచయాల యాప్‌లు లేని వేరే ఫోన్ తీసుకువెళ్లండి, ఈ ఫోన్‌ను సాక్ష్యంగా ఇక్కడే భద్రపరచండి. ఫిర్యాదు చేశాక ఎఫ్‌ఐఆర్ ప్రతిని మీకు ఉచితంగా ఇవ్వవలసిందే. ఆ బెదిరింపు దేని గురించో అందులో రాసి ఉంటుంది కాబట్టి, దాన్ని సూట్‌కేసులో పెట్టుకోకుండా కావలిలో మీరు నమ్మినవారి దగ్గర ఉంచి వెళ్లండి.