పడకగది మూలలో నమూనాల బల్ల

ప్రశ్న: 1:72 నిష్పత్తిలో, అంటే అసలు కొలతల్లో 72వ వంతుగా, ప్లాస్టిక్ విమానాల నమూనాలు తయారుచేయడం ఈమధ్యే మొదలుపెట్టాను. అద్దె ఇంట్లో ఇందుకు వేరే గది లేదు. బల్లను ఎలా అమర్చుకోవాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వేరే గది అవసరం లేదు. ఈ నిష్పత్తిలో మిగ్-21 యుద్ధవిమానం నమూనా సుమారు 20 సెంటీమీటర్ల పొడవే ఉంటుంది కనుక, మూడడుగుల బల్ల, దానిపై ఏ3 పరిమాణపు కటింగ్ మ్యాట్ (కత్తితో కోసేటప్పుడు బల్ల పాడవకుండా పరిచే పలక) చాలు. డబ్బు ఖర్చు చేయాల్సింది మంచి దీపానికే. పసుపు వెలుగులో కలిపిన రంగు పగటిపూట మరోలా కనిపిస్తుంది కాబట్టి, 5000 నుంచి 6500 కెల్విన్ల (వెలుగు రంగును సూచించే కొలమానం) తెల్లని ఎల్ఈడీ దీపాన్ని, మీరు కుడిచేతి వాటమైతే, ఎడమవైపు ఉంచుకోండి.

పట్టకారు నుంచి ఎగిరిన చిన్న చక్రాన్ని మంచం కింద వెతకడం ఎంత విసుగో నాకు అనుభవమే. పాత తువ్వాలు ఒక అంచును బల్లకు బిగించి, రెండో అంచును ఒడిలో పరచుకుంటే పడినవన్నీ అందులోనే ఉంటాయి.

రంగుల విషయంలో మాత్రం రాజీ పడవద్దు. లాకర్ రంగులు (ఘాటైన ద్రావకంతో చేసిన, త్వరగా ఆరే రంగులు), థిన్నర్ల ఆవిరులు మండే స్వభావం గలవి. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. కిటికీ పక్కనే, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా, ఆవిరులను వడపోసే కార్బన్ కార్ట్రిడ్జ్ మాస్కు ధరించి స్ప్రే చేయండి. వానాకాలపు తేమలో లాకర్ పూత తెల్లబారుతుంది. ముసురు పట్టిన రోజున అతికించే పనులు చూసుకోండి. పూత ఆరేవరకు నమూనాపై డబ్బా బోర్లిస్తే ఫ్యాను గాలికి లేచే దుమ్ము అంటదు.