మెనోపాజ్ ఆవిర్లతో ఉద్యోగం చేయలేకపోతున్నా.. వీఆర్ఎస్ తీసుకోవాలా?

సమస్య: నా వయసు 47. బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తాను. ఏడాదిగా నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. ఉన్నట్టుండి ముఖం, మెడ వేడెక్కి చెమటలు పట్టేస్తున్నాయి, గుండె దడదడలాడుతోంది. రాత్రిళ్లు తడిసిపోయి లేస్తున్నాను. లెక్కల్లో తప్పులు దొర్లుతున్నాయి. గర్భసంచి తీయించేసుకుంటే అన్నీ పోతాయని మా వదిన అంటోంది. నాకైతే వీఆర్ఎస్ తీసుకోవాలనిపిస్తోంది. మా మేనేజర్ మగాయన, ఆయనకు ఇదంతా ఎలా చెప్పాలి?
– ఓ పాఠకురాలు, గుంటూరు

సలహా: వీఆర్ఎస్ ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టండమ్మా. నిద్ర లేనప్పుడు అంత పెద్ద నిర్ణయం వద్దు.

మీవి మెనోపాజ్‌కు ముందు దశలో కనిపించే లక్షణాలే. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ముట్లు ఆగుతున్నాయి. ఈ దశలో ఈస్ట్రోజన్ హార్మోన్ బాగా హెచ్చుతగ్గులవుతుంది. దాంతో ఒంటి వేడిని అదుపు చేసే మెదడులోని భాగం చిన్న తేడాకే స్పందించి చెమటలు పట్టిస్తుంది. రాత్రి నిద్ర చెడితే పగలు మతిమరుపు, చిరాకు, పనిలో తడబాటు మామూలే. మీ తెలివితేటలు ఎక్కడికీ పోలేదు, ఆ భయం పెట్టుకోకండి.

గర్భసంచి ఆపరేషన్ గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆవిర్లకు అది చికిత్స కాదు. ఆవిర్లకు కారణం అండాశయాల్లో వచ్చే మార్పు, గర్భసంచి కాదు. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్కసారిగా వచ్చిపడుతుంది, బాధలు ఇంకా ఎక్కువవుతాయి, ఎముకలు త్వరగా బలహీనపడతాయి. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరుగుతున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. చాలామంది 40 ఏళ్లలోపే చేయించేసుకుంటున్నారు. చూస్తే బాధేస్తుంది.

ఒకసారి గైనకాలజిస్ట్‌ను కలవండి. మీ వయసులో ఈ లక్షణాలుంటే మెనోపాజ్ నిర్ధారణకు హార్మోన్ పరీక్షలు సాధారణంగా అక్కర్లేదు. థైరాయిడ్, హీమోగ్లోబిన్, షుగర్, బీపీ చూపించుకోండి. దడ ఉంది కాబట్టి ఈసీజీ కూడా తీయించండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చెమటలు, దడ వస్తాయి.

ఆవిర్లకు బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ కూడా ఇస్తారు. 60 ఏళ్లలోపు, ఆరోగ్యంగా ఉన్నవారిలో చాలామందికి దీనివల్ల నష్టం కంటే లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే సమస్య, కాలేయ జబ్బు ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. అలాంటివారికి హార్మోన్ లేని మందులున్నాయి. ఏదైనా మెడికల్ షాపులో అడిగి వేసుకోకండి.

ఇక ఆఫీసు సంగతి. మేనేజర్‌కు అన్ని లక్షణాలూ వివరించక్కర్లేదు. ‘మెనోపాజ్ వల్ల నిద్ర సరిగ్గా ఉండట్లేదు, చికిత్స తీసుకుంటున్నాను. కొన్ని వారాలు క్యాష్ కాకుండా వేరే పని ఇవ్వండి, ఏసీ గాలి తగిలే చోట సీటు కావాలి’ అని అడగండి. ఎదురుగా చెప్పడం కష్టమైతే మెయిల్ పెట్టండి, లేదా సీనియర్ మహిళా అధికారితో చెప్పించండి. టీ, కాఫీ తగ్గించి చూడండి. వదులైన కాటన్ బట్టలు, పక్కన నీళ్ల బాటిల్ ఉంటే కాస్త తేలిక.

ఇది చదివే మేనేజర్లకూ ఒక మాట. ఇరవై ఏళ్ల అనుభవమున్న ఉద్యోగిని హఠాత్తుగా తడబడుతుంటే అందరి ముందూ మందలించకండి. లోపలికి పిలిచి ‘ఏం చేస్తే మీకు వీలుగా ఉంటుంది?’ అని అడగండి. కొన్ని నిమిషాల విరామం, దగ్గర్లో శుభ్రమైన వాష్‌రూమ్, డాక్టర్ దగ్గరికి వెళ్లేందుకు కొన్ని గంటల పర్మిషన్. ఇవి పెద్ద ఖర్చులేం కావు. ‘వయసైపోతోంది మేడమ్’ లాంటి జోకులు ఆఫీసులో వినపడనివ్వకండి.

చివరిగా మీకు రెండు జాగ్రత్తలు. ముట్లు పూర్తిగా ఆగలేదు కాబట్టి ఇప్పటికీ గర్భం రావచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాకపోయి ఉంటే జాగ్రత్త పడాలి. ఏడాది పాటు నెలసరి ఆగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, ఇప్పుడైనా బ్లీడింగ్ మరీ ఎక్కువగా అయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి.