పంటి చికిత్సలు రికార్డు చేయడానికి ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనాలా?

మీరు అడిగింది ఇదీ: ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) రెండో ఏడాదిలో ఉన్నారు, రూట్ కెనాల్, క్రౌన్ కటింగ్ (తొడుగు వేయడానికి పన్ను అరగదీయడం) కేసులు జూనియర్లకు చూపించేలా వీడియో తీయాలి, చేతిలో 70 వేలున్నాయి, సెకండ్ హ్యాండ్ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్ మంచిదా, గోప్రో మంచిదా అని. నేను ఎండోడాంటిస్టుని (రూట్ కెనాల్ డాక్టర్ని), గుంటూరులో చిన్న క్లినిక్ ఉంది, కేసులు రికార్డు చేసుకోవడం అలవాటు. నా ఓటు ఆ రెండింటికీ కాదు. ఆప్టికల్ జూమ్ బాగా ఉన్న చిన్న సెన్సర్ హ్యాండీక్యామ్‌కి. సెకండ్ హ్యాండ్‌ది దొరికినా సరే.

షాపువాడు మెగాపిక్సెల్స్ గురించి చెప్తాడు. మీరు ముందు ఆలోచించాల్సింది కెమెరా ఎక్కడ నిలబడుతుందని. పేషెంట్ నోరు గడియారం మధ్య, తల వెనకవైపు 12 అనుకోండి. కుడిచేతి వాటం డాక్టరు 9 నుంచి 12 గంటల స్థానం మధ్యలో కూర్చుంటాడు, అసిస్టెంట్ 2 నుంచి 4 మధ్యలో. నోటికి అడుగున్నర ఎత్తులో మన తల, ఆ పైన చైర్ లైటు, పక్కనుంచి సక్షన్ గొట్టం. కెమెరాకి మిగిలే ఖాళీ 12కీ 2కీ మధ్య, అదీ మన తలకంటే పైన. అక్కడినుంచి నోటికి సుమారు మీటరు. మీటరు దూరం నుంచి రెండు మోలార్లు (దవడ పళ్లు) తెర నిండా రావాలంటే జూమ్ కావాలి. 100 మి.మీ. మాక్రో లెన్స్ ఆ ఫ్రేమ్ ఇవ్వాలంటే నోటికి దాదాపు అడుగు దూరంలోకి రావాలి. అంటే మన తల ఉండాల్సిన చోటే అది ఉంటుంది. ఫొటోలకి ఆ లెన్స్‌ని మించింది లేదు, కానీ ఫొటో తీసేటప్పుడు మనం పని ఆపుతాం కదా.

ఫుల్ ఫ్రేమ్‌తో ఇంకో చిక్కు ఫోకస్ లోతు. అర దవడ ఫ్రేమ్‌లో పట్టేంత దగ్గరగా ఎఫ్/2.8లో (లెన్స్ ద్వారం బాగా తెరిచి) తీస్తే స్పష్టంగా ఉండేది సుమారు ఒక్క మిల్లీమీటరు మందం. పన్ను మీది మొన (కస్ప్) బాగుంటుంది, పన్ను లోపలి గుల్ల (పల్ప్ ఛాంబర్) అడుగు మసక. ద్వారాన్ని ఎఫ్/16కి తగ్గిస్తే ఐదారు మిల్లీమీటర్లు దక్కుతాయి కానీ వెలుతురు 32 రెట్లు కావాలి. వేలిగోరంత సెన్సర్ ఉన్న హ్యాండీక్యామ్ ఎఫ్/2.8లోనే దాదాపు అంత లోతు ఇస్తుంది. పెళ్లి వీడియోల్లో వెనక అంతా మసగ్గా ఉంటే అందం. మనకి ఆ మసకే శత్రువు.

గోప్రోది దీనికి వ్యతిరేకమైన చిక్కు. వైడ్ లెన్స్, ఫోకస్ మార్చలేం. నుదుటికి కట్టుకుంటే పేషెంట్ బిబ్, మన గ్లవ్స్, ట్రే అన్నీ బ్రహ్మాండంగా పడతాయి, పన్ను మాత్రం మధ్యలో చిన్న తెల్ల చుక్క. అసిస్టెంట్‌కి నాలుగు చేతుల పని (డాక్టరు, అసిస్టెంట్ కలిసి చేసేది) నేర్పించే వీడియోకైతే అదే సరైనది. లూప్స్ (డాక్టరు పెట్టుకునే భూతద్దాల కళ్లజోడు) మీద బిగించే చిన్న కెమెరాలు వేరే జాతి. అవి సన్నని కోణంలో చూస్తాయి, బాగుంటాయి, కానీ లూప్స్ ఎంత వంపులో కిందికి చూస్తాయో కెమెరానీ సరిగ్గా అంతే వంచాలి. కాస్త తేడా వచ్చినా గంటసేపు గడ్డం రికార్డవుతుంది. తల కదిలిన ప్రతిసారీ బొమ్మా కదులుతుంది, చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి.

కొనబోయే ముందు ఒక పరీక్ష చేయండి, ఖర్చు లేదు. ఫాంటమ్ హెడ్‌లో (ప్రాక్టీసుకి వాడే బొమ్మ తలలో) పీకిన పన్ను ఒకటి పెట్టి, మీ ఫోన్‌ని ఆ 12–2 స్థానంలో ఏదో ఒక స్టాండ్‌కి బిగించి, జూమ్ చేసి, మీరు మామూలుగా కూర్చుని యాక్సెస్ ఓపెన్ చేయండి (పన్ను లోపలికి దారి తొలవండి). తల ఎన్నిసార్లు అడ్డొచ్చిందో, చెయ్యి ఎక్కడ నీడ వేసిందో అందులోనే తెలుస్తుంది. ఫోన్‌తో ఒక జాగ్రత్త: చాలా ఫోన్లు వస్తువు దగ్గరగా ఉంటే టెలీ (దూరపు జూమ్) లెన్స్ వదిలేసి, చెప్పకుండా మెయిన్ లెన్స్ బొమ్మనే కత్తిరించి చూపిస్తాయి. టెలీ లెన్స్‌ని వేలితో మూసి చూడండి, బొమ్మ మారకపోతే అదే జరుగుతోంది.

స్టాండ్ అంటే గోడకో సీలింగుకో బిగించే గట్టి ఆర్మ్. డబ్బులో మంచి వాటా దీనికే పెట్టండి. చైర్ లైటు ఆర్మ్‌కే కెమెరా తగిలిస్తే కోణం అద్భుతంగా కుదురుతుంది, కానీ ఆ స్ప్రింగు లైటు బరువుకి సరిపడా బిగించి ఉంటుంది. అరకిలో కలిపితే మెల్లగా దిగిపోతుంది, పేషెంట్ మొహం మీదికి.

సెట్టింగుల్లో ఆటో ఏదీ వద్దు. ఆటో ఫోకస్ సక్షన్ టిప్ వెంట, మిర్రర్ అంచు వెంట పరుగెడుతుంది. ఆటో ఎక్స్‌పోజర్ నోటి చీకటిని చూసి వెలుతురు పెంచేస్తుంది, ఎనామెల్ సున్నం వేసినట్టు తెల్లబోతుంది. పన్నుకి సరిపడా ఎక్స్‌పోజర్ పెట్టి లాక్ చేయండి, బుగ్గ చీకటైనా పర్వాలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేముల్లో కాకుండా 25 లేదా 50లో, షట్టర్ 1/50 లేదా 1/100లో తీస్తే ట్యూబులైట్ల అలలు కనిపించవు. కొన్ని ఎల్ఈడీ చైర్ లైట్లు వెలుతురు తగ్గిస్తే మినుకుమంటాయి, కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఫుల్‌లో పెట్టండి. కాంపోజిట్ (లైటుతో గట్టిపడే పంటి రంగు ఫిల్లింగ్) కేసుల్లో మాత్రం ఫుల్ లైటు కింద మెటీరియల్ ముందే గట్టిపడుతుంది, ఆరెంజ్ ఫిల్టర్ వేయక తప్పదు, వీడియో పసుపు తిరుగుతుంది. ఫిల్టర్ ఉన్నప్పుడే వైట్ బ్యాలెన్స్ మళ్లీ సెట్ చేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

పై దవడ పళ్లకి మిర్రర్ తప్పదు. మామూలు మిర్రర్‌లో అద్దం ముందుతలం ఒక బొమ్మ, వెనక పూత ఒక బొమ్మ ఇస్తాయి, జూమ్‌లో కెనాల్ ద్వారాలు జంటగా కనిపిస్తాయి. ముందువైపు పూత ఉన్న రోడియం మిర్రర్ కొనండి. ఎడిటింగ్‌లో ఆ క్లిప్‌ని ఫ్లిప్ చేయండి, లేకపోతే 16 (కుడి పై మొదటి మోలార్) చూసేవాడికి 26 (ఎడమది) అనిపిస్తుంది.

4కె గురించి: ఎడిటింగ్‌లో కత్తిరించుకోవడానికి పనికొస్తుంది, అంతే. 100 ఎంబీపీఎస్‌లో గంటకి 45 జీబీ. ఒక మోలార్ రూట్ కెనాల్‌కే గంట పడుతుంది, హార్డ్ డిస్క్ లెక్క వేసుకోండి. కెమెరా అరగంటకి ఆగిపోయే రకమా, కరెంటు మీద నడుస్తుందా అనేవి మాత్రం షాపులోనే అడగండి. ఆన్, ఆఫ్ రిమోట్‌తో అసిస్టెంట్ చేయాలి. గ్లవ్స్‌తో కెమెరా ముట్టుకోవద్దు. ఎయిరోటార్ (పన్ను తొలిచే డ్రిల్లు) మోతలో మన మాట ఎలాగూ వినపడదు, తర్వాత తీరిగ్గా చెప్పి కలుపుకోండి.

ముందుముందు మైక్రోస్కోప్ కొంటే ఈ కథంతా మారిపోతుంది. వెలుతురుని రెండుగా చీల్చే బీమ్ స్ప్లిటర్‌కి కెమెరా తగిలిస్తే మీరు చూసేదే అది చూస్తుంది. ఐపీస్‌కి ఫోన్ తగిలించే అడాప్టర్ చవకే, కానీ ఒక కన్ను దానికి ఇచ్చేసి, లోతు తెలియకుండా కెనాల్‌లో ఫైల్ (సన్నని ఆకురాయి సూది) తిప్పాలి. పేషెంట్ మీద అది వద్దు.

చికిత్సకి తీసుకునే సమ్మతి పత్రం వీడియోకి సరిపోదు. విడిగా, ఎక్కడ చూపిస్తారో రాసి, తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోండి. వ్యక్తిగత డేటా రక్షణకి 2023 చట్టం కూడా ఉంది. నోరే కదా కనిపించేది అనుకుంటాం, వెనక మానిటర్ మీద ఆర్‌వీజీ (పంటి డిజిటల్ ఎక్స్‌రే) మూలన పేషెంట్ పేరు, వయసు దర్జాగా ఉంటాయి. అప్‌లోడ్ చేసేముందు ఆ మూల ఒకసారి చూడండి.