తంపర పక్కన గాలిమరలు వస్తే పక్షుల సంగతేమిటి? ఇప్పుడే ఏం అడగాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపు, తంపర అని పిలిచే పల్లపు చిత్తడి నేల పక్కన, మీ ఊరి బయట గాలిమరల కంపెనీ గాలివేగం కొలిచే స్తంభం నిలబెట్టింది, భూములు లీజుకు అడుగుతోంది. దగ్గర్లోని తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే పక్షులకు దీనివల్ల ముప్పు ఉంటుందా, ఉంటే ఎవరిని ఏమని అడగాలి అన్నది మీ సందేహం.

నేను టెక్కలి ప్రాంతం వాడినే. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో గాలిమరల ప్రాజెక్టుల కోసం పక్షుల సర్వే చేసే బృందాల్లో కొన్నేళ్లు పనిచేశాను. గాలి విద్యుత్తు అంటే నాకు వ్యతిరేకత లేదు. సోంపేట, కాకరాపల్లిలో బొగ్గు విద్యుత్ కేంద్రాల కోసం జరిగినదంతా చూసిన జిల్లా మనది. దాని ముందు గాలిమర ఎంతో నయం. అయితే అది ఎక్కడ నిలబడుతుందన్న దాని మీదే పక్షుల విషయంలో సగానికి పైగా తేలిపోతుంది. చిక్కంతా ఆ చోటు మీరు అనుకున్నదానికంటే చాలా ముందే ఖరారు కావడంలో ఉంది. స్తంభం మీద కనీసం ఏడాది గాలి లెక్కలు తీస్తారు, ఈలోగా రైతులకు అడ్వాన్సులు అందుతాయి, ఆ తర్వాత తీరుబడిగా పక్షుల నివేదిక వస్తుంది. అప్పటికి ఆ నివేదిక సాధించగలిగేది ఒకటి రెండు మరలను కాస్త పక్కకు జరపడమే. కాబట్టి స్తంభం మాత్రమే ఉన్న ఈ దశే మీకు దొరికిన అసలైన అవకాశం.

చట్టమే అన్నీ అడుగుతుందని మాత్రం కూర్చోకండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్తు లేదు. థర్మల్ కేంద్రానికి జరిగినట్టు ఊళ్లో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సిన అవసరం కంపెనీకి లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీన్ని కాలుష్యం దాదాపు లేని తెలుపు వర్గంలో చేర్చింది. పొగ గురించి అయితే అది నిజమే, కానీ పక్షి ఢీకొట్టేది పొగను కాదు కదా. అటవీ భూమి తగిలితే అటవీ అనుమతి, సముద్ర తీరం తగిలితే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. మీరు చెప్పిన పట్టా భూముల్లో రెండూ వర్తించకపోవచ్చు. ఒక దారి మాత్రం ఉంది, చాలామందికి తెలియదు: అప్పు ఎవరిస్తున్నారో అడగండి. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ (ఐఎఫ్‌సీ) ప్రమాణాలు పాటించే బ్యాంకులు అప్పు ఇస్తుంటే, మన చట్టం అడగకపోయినా జీవవైవిధ్య అధ్యయనం చేయించాల్సిందే. ఆ ప్రమాణాల్లో ఆరవది అచ్చంగా దీని గురించే. నేను చూసిన మంచి సర్వేలన్నీ ఇలా అప్పు ఇచ్చేవారి ఒత్తిడితో జరిగినవే.

రికార్డుల్లో మీ భూమి పక్కన ఏమని రాసి ఉందో కూడా చూడండి. బంజరు అని ఉంటే కంపెనీకి ప్రాణం లేచివస్తుంది. సోంపేట బీల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కాగితం మీద పనికిరాని నేల, వాస్తవంలో పంట, చేప, గడ్డి, నీరు అన్నీ ఇచ్చే చిత్తడి. ఆ తేడా తెలియజెప్పడానికి 2010 జులైలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

ఇక పక్షుల విషయం. తేలినీలాపురం ఎంత దూరంలో ఉందని కంపెనీ వాళ్లు మీకు మ్యాపు చూపిస్తారు. ఆ దూరంతో తేలేది తక్కువ. గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కడతాయి గానీ మేత కోసం తంపరకు, ఉప్పు మడులకు, కాలువలకు వెళ్లి రావాలి. గూటికీ మేతకూ మధ్య ఉన్న ఆకాశపు దారి ఏ మ్యాపులోనూ గీసి ఉండదు. గూట్లో పిల్లలున్న నెలల్లో ఆ దారిలో రాకపోకలు మరీ ఎక్కువ. మర ఆ దారిలో నిలబడితే గూడు ఎంత దూరాన ఉన్నా ప్రయోజనం లేదు.

ఇంకొక సంగతి, సర్వే వేళలది. మామూలుగా పక్షుల లెక్కింపు అంటే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కేసరికి ముగిస్తారు. చిన్న పిట్టలకు అది సరైన సమయం. గూడబాతు నాలుగైదు కిలోల బరువుండే పక్షి. అది, పెద్ద కొంగలు రెక్కలాడించి అలసిపోవడం ఇష్టంలేక నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ వేడిగాలిలో గిరికీలు కొడుతూ ఎత్తుకు చేరతాయి. సర్వే బృందం జీపెక్కి టిఫిన్‌కు బయలుదేరే వేళకే అవి పైకి లేస్తుంటాయి. అనంతపురంలో గద్దల విషయంలో ఇదే చూశాను. ఇప్పటి పెద్ద మరల్లో ఇరుసు 140 మీటర్ల ఎత్తున ఉంటుంది, రెక్కల చక్రం అడ్డుకొలత కూడా దాదాపు అంతే. అంటే నేలకు 70 మీటర్ల నుంచి 210 మీటర్ల దాకా రెక్క తిరుగుతూ ఉంటుంది. కొంగలు గిరికీలు కొడుతూ దాటాల్సిందీ ఆ ఎత్తునే. కింద నుంచి చూస్తే రెక్క బద్ధకంగా తిరుగుతున్నట్టు ఉంటుంది గానీ దాని కొస వేగం గంటకు 250 కిలోమీటర్లు దాటుతుంది. కాబట్టి సర్వే ఏ గంటల్లో చేశారు, ఏ ఎత్తులో ఎన్ని పక్షులు ఎగిరాయో నమోదు చేశారా అని అడగండి. జాతుల జాబితా ఒక్కటే చేతికిస్తే దాన్ని సర్వేగా ఒప్పుకోకండి.

నెలల మాట కూడా అంతే. తేలినీలాపురం పక్షులు వానలు వెనకబట్టే వేళకు వచ్చి వేసవి ముందు వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు తొలకరితోనే వస్తాయి. అవి వస్తే పంటలు బాగుంటాయని అక్కడివారి నమ్మకం. ఒకే జిల్లాలో రెండు క్యాలెండర్లు! మే నెలలో వారం రోజులు తిరిగి రాసిన నివేదికలో రెండూ ఉండవు. ఫ్లెమింగోల లాంటివి దూరప్రయాణాలు ఎక్కువగా రాత్రిపూట చేస్తాయి. రాత్రి సర్వే జరిగిందా అన్నది కూడా మీ ప్రశ్నల్లో చేర్చండి.

మరల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వాటి నుంచి సబ్‌స్టేషన్‌కు పోయే విద్యుత్ తీగలు. పెద్ద పక్షులు ఎదురుగా ఉన్న సన్నని తీగను ఆలస్యంగా గమనిస్తాయి, ఒక్కసారిగా పక్కకు తిరగలేవు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) చావులకు ప్రధాన కారణాల్లో తీగలు ఒకటి కావడం వల్లే 2021లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో వాటిని భూగర్భంలో వేయమని ఆదేశించింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది. మీ దగ్గర అడగాల్సింది సులువైనదే: మరల మ్యాపుతో పాటు తీగల మ్యాపు ఇవ్వమనండి, తంపరను దాటే భాగాన్ని కేబుల్‌గా నేలలో వేయమనండి. కుదరనిచోట పక్షులకు కనిపించే బిళ్లలు తగిలించాలి. ఇప్పుడున్న స్తంభానికి నాలుగువైపులా లాగి కట్టిన తీగలు ఉంటే వాటికీ ఆ బిళ్లలు అవసరమే. వాళ్ల చిత్తశుద్ధి ఎంతో ఈ చిన్న కోరికతోనే తేలిపోతుంది.

రోడ్ల విషయం ఎవరూ మాట్లాడరు. క్రేను రావాలంటే వెడల్పైన గట్టి రోడ్డు కావాలి. రాయలసీమ మెట్టలో దానివల్ల పెద్ద నష్టం లేదు. పల్లపు నేలలో మాత్రం ఆ రోడ్డే గట్టులా మారి నీటిని ఆపేస్తుంది. ఒకవైపు మునక, మరోవైపు ఎండిపోయిన తంపర మిగులుతాయి. తూములు ఎక్కడెక్కడ పెడతారో రాతపూర్వకంగా తీసుకోండి.

విజయనగరం కొండల వైపు ఉన్నవారు దీన్ని చదువుతుంటే, మీ సమస్య వేరు. కొండ అంచున పైకి తోసే గాలిని గద్దలు వాడుకుంటాయి, కంపెనీకీ ఆ అంచే ముద్దు. మరను అంచు నుంచి లోపలికి జరపమని అడగండి. గద్దలు వెళ్లిపోతే ఏమవుతుందో మహారాష్ట్రలోని సతారా జిల్లా చల్కేవాడి పీఠభూమి మీద తెలిసింది. భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మరలున్న చోట వేటాడే పక్షులు దాదాపు నాలుగో వంతుకు తగ్గాయి, తొండల సంఖ్య పెరిగింది.

మరలు తిరగడం మొదలయ్యాక కూడా చేయదగినవి ఉన్నాయి. పక్షుల గుంపు దగ్గరికి వచ్చినప్పుడు మరను ఆపే పద్ధతిని స్పెయిన్‌లో రాబందుల కోసం వాడుతున్నారు. గబ్బిలాలు గాలి తక్కువగా ఉన్న రాత్రుల్లో ఎక్కువ తిరుగుతాయి కాబట్టి, కాస్త గాలి పెరిగాకే మరను తిప్పితే వాటి చావులు సగానికి పైగా తగ్గాయని అమెరికా ప్రయోగాల్లో తేలింది. నార్వేలో ఒక రెక్కకు నల్లరంగు వేస్తే పక్షుల మరణాలు 70 శాతం తగ్గాయన్న వార్త మీరు చూసే ఉంటారు. అది నాలుగు మరల మీద చేసిన ప్రయోగం. రంగు డబ్బా చూపించి కంపెనీ తప్పించుకోకుండా చూసుకోండి. చనిపోయిన పక్షుల లెక్క కూడా అంతే జాగ్రత్తగా అడగాలి. నెలకోసారి వెతికితే కుక్కలు, నక్కలు ముందే తినేసి ఉంటాయి, నివేదికలో సున్నా పడుతుంది.

ఇవన్నీ పంచాయతీ తీర్మానంగా రాయించి కంపెనీకి, జిల్లా అటవీ అధికారికి, కలెక్టరుకు పంపి రసీదు తీసుకోండి. లీజు పత్రంలో రెండు షరతులు తప్పక ఉండాలి: అక్టోబరు నుంచి మార్చి దాకా అవసరమైతే మరను ఆపడానికి ఒప్పుకోవడం ఒకటి, కాలం తీరినా, తుపానుకు కూలినా శిథిలాలను కంపెనీయే తొలగించడం రెండు. తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో పడిపోయిన కొబ్బరిచెట్లను తీయడానికే ఎంత ఖర్చయిందో రైతులను అడిగితే చెబుతారు. వందల టన్నుల ఉక్కు సంగతి వేరే చెప్పాలా?

స్తంభం నౌపడ రైల్వేస్టేషన్‌కు ఏ దిక్కున ఉందో, సబ్‌స్టేషన్ ఎటువైపు వస్తుందంటున్నారో కింద రాయండి. తీగలు తంపరను దాటతాయో లేదో దాన్నిబట్టి చెప్పగలను.